చిల్లర

పొద్దున ఐదుంబావు. చిత్తూరు డిపో.
టీ గొంతు దిగకముందే
టికెట్ల మిషన్ మెడకేసుకుంటా.
ఆ వేళకి నా ప్రార్థన పెద్దదేం కాదు:
"తండ్రీ, పది నోట్లోళ్లను ముందు ఎక్కించు,
ఐదొందల నోట్లోళ్లను తర్వాత పంపు."
ఆమెన్ అనేలోపే ఖాదరన్న హారన్ కొడతాడు.

పద్దెనిమిదేళ్లప్పుడు
గ్రీమ్స్‌పేట చర్చిలో, యవనస్థుల కూటంలో
చెయ్యెత్తి లేచినా.
దూరదేశం పోతానన్నా, అడవిలో బడి పెడతానన్నా.
పక్కనున్న అమ్మ నా కాలు తొక్కింది.
దేవుడు విన్నాడో, నవ్వుకున్నాడో,
పలమనేరు పల్లెవెలుగులో
ముందు తలుపు కాడ సీటిచ్చినాడు.
రోజుకు నాలుగు ట్రిప్పులు, పదారేళ్లు.
లెక్కేస్తే భూమిని పదైదు చుట్లన్నా చుట్టుంటా.
పలమనేరు దాటింది మాత్రం లేదు.

పెద్ద నోటు ఒకటి చేతిలో పెడతాడని
చెయ్యి చాపుకోని కూర్చున్నదాన్ని.
ఇచ్చిందంతా చిల్లరే.
బరువు బుట్టకు ఇంకో చెయ్యి.
వాంతికొచ్చే పిల్లోడికి కిటికీ సీటు, ఒక నిమ్మకాయ.
బోర్డు చదవడం రాని పెద్దాయన
పరువు పోకుండా అడిగిన ప్రశ్నకు
నలుగురికీ వినపడని జవాబు.
సంచిలో గలగలమంటానే ఉంటాయి,
తీసి ఖర్చు పెట్టాలని తట్టేది కాదు.

మామిడి ధర కూలిన ఏడు, ఆషాఢంలో
బంగారుపాళెం కాడ ఒకాయన ఎక్కినాడు.
చొక్కా నిండా మామిడి సొన.
మొగిలికి ఒకటన్నాడు, యాభై ఇచ్చినాడు.
పది చేతికిచ్చి, పదైదు బాకీ అని
టికెట్టు వెనక రాసినా.
"ఈ బస్సు రాత్రికి తిరిగొస్తాదా మేడమ్?"
"ఎనిమిదిన్నరకి."
"అప్పుడూ మీరే ఉంటారా?"
"ఉంటా. ముందుకి జరగండి."
జరిగినాడు.
మిషన్ మీద నించి నేను తలెత్తలేదు.
మొగిలిలో దిగినాడు, చిల్లర అడగలేదు.
ఎనిమిదిన్నరకి స్టాపులో ఎవరూ లేరు.
మర్నాడూ లేరు.

ఏదో అయిపోయిందని కాదు.
కొడుకు బండి మీద ఇంటికి పొయ్యుంటాడు,
సద్ది తిని పండుకోనుంటాడు.
నాకు తెలీదు.
ఏం చెప్పబోయినాడో అడిగుంటే తెలిసేది,
అడగడానికి అర నిమిషం.
డిపోలో లెక్క ఆ రాత్రే సరిపోయింది.
నా సొంత పదైదు రూపాయలు మాత్రం
కానుక కవర్లో పెట్టి సంచిలో దాచినా.
ఆదివారం కానుకల సంచి నా ముందుకొస్తే
ఆ కవరు తప్ప వేరేది వేస్తా.
అది ఆయనది, దేవుడిది కాదు.
ఇద్దరిదీ ఒకటేనేమో, అదీ తెలీదు.

ఇప్పుడు ఆడోళ్లకి సున్నా టికెట్టు.
"డబ్బులియ్యకపోయినా కాయితం ఎందుకమ్మా?"
అంటాది ఒక అవ్వ, మడిచి రొంటిన దోపుకుంటా.
"నువ్వు ఎక్కినావని ఉండాల గదవ్వా" అంటా.
అన్నాక నాకే ఒళ్లు జలదరిస్తాది.
వెల కట్టకుండా ఎక్కినదాన్నే నేనూ.
ఎవరో నా పేరున ఒకటి చించి పెట్టుంటే గదా
ఈ సీటు.

మొన్న బుధవారం, బస్సు కదిలినాక
ఒకామె చంటిబిడ్డతో పరిగెత్తింది.
బెల్లు కొట్టినా.
"టైం పోతాది విమలక్కా" అని ఖాదరన్న విసుక్కున్నాడు.
"పోనీన్నా. ఇది దానికే ఉండేది" అన్నా.
ఆయనకి అర్థం కాలేదు, బ్రేకు మాత్రం తొక్కినాడు.

ఆదివారం పాస్టరయ్య అడిగినాడు,
ఈ వారం సాక్ష్యం ఎవరిది అని.
పక్క బెంచీలో ఒకాయన లేచి
పెద్ద కార్యం ఒకటి చెప్పినాడు, అందరం చప్పట్లు కొట్టినాం.
నేనేం చెప్పేది?
బస్సు ఆపినా అనా?
చీర కుచ్చిళ్లు సర్దుకోని కూర్చున్నా.

మొగిలి వస్తా ఉంది.
ముగ్గురు దిగేవోళ్లు, ఎక్కేది ఒక్క పిల్ల,
కాలేజీ బ్యాగు, కళ్లు ఎర్రగా.
మిషన్ మీద వేలు పెట్టబోయి
ఆపినా.
ముందు మొగం చూస్తా.
ఏ ఊరని తర్వాత అడుగుతా.